షార్లెట్ బస్సు కేసు: ఒక జిల్లా కోర్టు న్యాయమూర్తికి అంత అధికారం ఎక్కడిది?

ప్రశ్న – న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. అమెరికా సుప్రీంకోర్టు 1971 ఏప్రిల్ 20న ఇచ్చిన స్వాన్ తీర్పుపై నేను తరగతిలో మాట్లాడవలసి ఉంది. నల్లజాతి, శ్వేతజాతి పిల్లలు ఒకే బడిలో చదివేలా చూడటానికి వారిని బస్సుల్లో దూరపు బడులకు పంపమని కోర్టు ఆదేశించవచ్చునని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అంగీకరించిన తీర్పు అది. అయితే చదివేకొద్దీ నా దృష్టి అంతా నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరంలో ఆ ఆదేశాన్ని మొదట ఇచ్చిన జిల్లా కోర్టు న్యాయమూర్తి జేమ్స్ మెక్‌మిలన్ మీదికే పోతోంది. మన దగ్గర జిల్లా జడ్జి ఏ ఊరి పిల్లలు ఏ బడికి వెళ్లాలో నిర్ణయించడం ఊహకు కూడా అందదు. ఆయనకు ఆ అధికారం ఎలా వచ్చింది? నియమితులైన మరుసటి ఏడాదే అంత సాహసం ఎందుకు చేశారు?

జవాబు – న్యాయవాది, హైదరాబాద్

అమ్మా, ముందుగా పేరును చూసి పొరపాటు పడవద్దు. అమెరికాలో ఫెడరల్ జిల్లా కోర్టు న్యాయమూర్తిని మన జిల్లా జడ్జితో పోల్చకూడదు. రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, సాక్ష్యాలు విని ప్రభుత్వ సంస్థలను ఆదేశించగల అధికారం ఆ కోర్టుకు ఉంటుంది. ఆ మేరకు అది రిట్లు విచారించే మన హైకోర్టుకు దగ్గరగా ఉంటుంది. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది, ఆ తరువాత పదవి జీవితకాలం ఉంటుంది. జీతం తగ్గించడానికి కూడా వీల్లేదు. ఊరంతా ఎదురు తిరిగినా కుర్చీ కదలదన్న భరోసా లేకపోతే ఇలాంటి ఆదేశాలు పుట్టేవి కావు.

ఇక ఆయన విషయం. 1916లో నార్త్ కరోలినాలోనే పుట్టి, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, షార్లెట్‌లో ఏళ్ల తరబడి వకాల్తు చేసి, రాష్ట్ర న్యాయవాదుల సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేసిన పెద్దమనిషి ఆయన. 1968లో అధ్యక్షుడు జాన్సన్ ఆయనను నియమించారు. జాతుల వేర్పాటును సహజమైన ఏర్పాటుగా చూస్తూ పెరిగిన తరం మనిషి కనుక, మీరు అనుకుంటున్నట్టు అది సాహసంతో మొదలైన కథ కాదు.

మీరు తప్పక గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ కేసు 1965లోనే దాఖలైంది. అప్పుడు దానిని విచారించిన న్యాయమూర్తి క్రేవెన్, వేర్పాటును తొలగించడానికి స్కూల్ బోర్డు ఇచ్చిన ప్రణాళిక సరిపోతుందని తీర్పు చెప్పగా, 1966లో అప్పీళ్ల కోర్టు కూడా దానిని సమర్థించింది. 1968లో సుప్రీంకోర్టు గ్రీన్ కేసులో, కాగితం మీద బడి ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తే చాలదని, వేర్పాటును వెంటనే, వాస్తవంగా తొలగించే ప్రణాళిక కావాలని చెప్పడంతో పరిస్థితి మారింది. పిటిషనర్లు మళ్లీ కోర్టు తలుపు తట్టారు, ఈసారి ఆ కుర్చీలో మెక్‌మిలన్ ఉన్నారు.

జవాబు – షార్లెట్‌లో ఉంటున్న తెలుగువాడిని

పై పెద్దాయన చెప్పిన దానికి ఇక్కడి భూగోళం కొంత జోడిస్తాను. షార్లెట్ నగరం బడులు, చుట్టూ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ బడులు 1960లోనే ఒకే వ్యవస్థగా కలిసిపోయాయి. అందువల్ల నగరం విడిచి శివారుకు మారినా ఆదేశం పరిధి నుంచి తప్పించుకోవడం కష్టం. డెట్రాయిట్‌లో అలా లేదు. అక్కడ శివారు బడులు వేరే జిల్లాలకు చెందినవి కావడంతో, 1974లో మిలికెన్ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ సరిహద్దు దాటడానికి ఒప్పుకోలేదు. షార్లెట్ ప్రయోగం కొంతకాలమైనా నిలబడటానికి న్యాయమూర్తి పట్టుదల ఎంత కారణమో, ఆ విలీనమూ అంతే కారణమని నేను భావిస్తాను.

లెక్కలు చూడండి. 1968-69లో ఈ వ్యవస్థలోని 107 బడుల్లో సుమారు 84,000 మంది పిల్లలు ఉండేవారు, వారిలో 29 శాతం నల్లజాతి వారు. నగరంలో ఉన్న దాదాపు 21,000 మంది నల్లజాతి విద్యార్థుల్లో 14,000 మంది, పూర్తిగా గానీ 99 శాతానికి మించి గానీ నల్లజాతి పిల్లలే ఉన్న 21 బడుల్లో చదివేవారు. సాక్ష్యంగా ఈ అంకెలు ముందుకు వచ్చాక అది యాదృచ్ఛికమని ఏ న్యాయమూర్తి అనగలడు?

బస్సులు కొత్త కాదు. అంతకుముందే రోజూ 23,600 మంది పిల్లలు సగటున 15 మైళ్లు, గంటకు పైగా ప్రయాణించేవారు. కోర్టు ప్రణాళికలో చిన్నపిల్లల ప్రయాణం సగటున ఏడు మైళ్లు, ఎక్కువలో ఎక్కువ 35 నిమిషాలు. కాబట్టి గొడవంతా దూరం గురించి కాదు, బస్సు ఎటు వెళుతోందన్న దాని గురించి.

సందర్భం వచ్చింది కనుక ఇంకొక మాట. తన కొడుకు జేమ్స్ కోసం ఈ కేసు వేసిన డేరియస్ స్వాన్ భారతదేశంలో మిషనరీగా పనిచేసి 1964లో తిరిగివచ్చిన వ్యక్తి. వేర్పాటు లేని బడి ఎలా ఉంటుందో ఆ పిల్లవాడికి ముందే తెలుసు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ ధన్యవాదాలు. నాకు ఒక చోట మనసు ఒప్పుకోవడం లేదు. డాక్టర్ ఫింగర్ అనే నిపుణుడు కోర్టు కోసం రూపొందించిన ప్రణాళికలో ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు నల్లజాతి పిల్లలే శివారు బడులకు వెళ్లాలి, శ్వేతజాతి పిల్లలు మాత్రం ఐదు, ఆరు తరగతుల్లోనే నగరంలోకి రావాలి. అంటే భారం మళ్లీ నల్లజాతి పిల్లల మీదే పడింది కదా?

జవాబు – న్యాయవాది, హైదరాబాద్

సరిగ్గా పట్టుకున్నారు. ఆ ప్రణాళికలో అది నిజమైన లోపమే, దానిని కప్పిపుచ్చవలసిన అవసరం లేదు. మీ ప్రసంగంలో ఆ మాట చెప్పండి. అయితే కథ అక్కడ ఆగలేదు. బోర్డు తగిన ప్రణాళిక ఇవ్వకుండా నెలల తరబడి సాగదీసినందువల్లనే నిపుణుడిని నియమించవలసి వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో, సంపన్నులుండే ఆగ్నేయ ప్రాంతం భారం నుంచి తప్పించుకుంటోందన్న విషయాన్ని మెక్‌మిలన్ వదిలిపెట్టలేదు. చివరికి 1974లో ఆ ప్రాంతపు పిల్లలు కూడా, ఒకప్పుడు నల్లజాతి బడిగా ఉన్న వెస్ట్ షార్లెట్ హైస్కూలుకు వెళ్లే ఏర్పాటు కుదిరింది. నా దృష్టిలో ఆయన అసలు విజయం 1971 నాటి తీర్పు కాదు, ఇది. ఈలోగా ఆయన దిష్టిబొమ్మను ఉరితీశారు, బెదిరింపులు వచ్చాయి. పిటిషనర్ల న్యాయవాది జూలియస్ చాంబర్స్ ఇంటిపై 1965లో బాంబు పడింది, 1971లో ఆయన కార్యాలయానికి నిప్పుపెట్టారు.

జవాబు – మరొక సభ్యుడు

ఇంతవరకు బాగానే ఉంది కానీ, కోర్టు పర్యవేక్షణ మీద ఆధారపడిన సంస్కరణ ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా చూడాలి. మెక్‌మిలన్ 1995లో మరణించారు. 1999లో ఇదే కోర్టుకు చెందిన న్యాయమూర్తి రాబర్ట్ పాటర్ ఆదేశాలను ముగించారు. ఆయన న్యాయవాదిగా ఉన్నప్పుడు బస్సు ఆదేశాలను వ్యతిరేకించినవారే. 2001లో అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం ఆ ముగింపును సమర్థించగా, 2002లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. మన సుప్రీంకోర్టు కొన్ని కేసుల్లో అనుసరించిన కంటిన్యూయింగ్ మాండమస్‌లోనూ (కేసును ముగించకుండా, ఆదేశాల అమలును కోర్టే పర్యవేక్షిస్తూ ఉండే పద్ధతి) ఇదే ప్రమాదం ఉంది: ధర్మాసనం మారితే ఉత్సాహమూ మారుతుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అయితే నా ప్రసంగాన్ని 1971తో కాక, 1965లో క్రేవెన్ ఇచ్చిన తీర్పుతో మొదలుపెట్టి, 1999లో పాటర్ ఇచ్చిన తీర్పుతో ముగిస్తాను. కోర్టు ఒక్కటే, కుర్చీలో కూర్చున్నవారు ముగ్గురు.