కాకటీల్‌లు, బడ్జీలు ఉన్న ఏవియరీలో లవ్‌బర్డ్‌లను ఉంచవచ్చా?

ప్రశ్న: నా దగ్గర ఒక జత కాకటీల్‌లు, కొన్ని బడ్జీలు (రెండూ చిన్న చిలుక జాతులు) విశాలమైన ఏవియరీలో (పక్షులు ఎగరగలిగే పెద్ద పంజరంలో) కలిసి ప్రశాంతంగా ఉంటున్నాయి. వాటితో పాటు ఒక జత లవ్‌బర్డ్‌లను (ఇవీ చిన్న చిలుకలే) కూడా ఉంచాలని కోరిక. ఎగరడానికి తగినంత చోటు ఉంటే, జాతులు వేరైనా సర్దుకుంటాయా?

మొదటి సమాధానం: దయచేసి అలా చేయకండి. లవ్‌బర్డ్ 50 గ్రాములు తూగే చిన్న పక్షే అయినా తన చోటు కోసం చాలా దూకుడుగా పోరాడుతుంది. కాకటీల్ 90 గ్రాముల బరువున్నా ఎదురు తిరగకుండా తప్పుకునే స్వభావం కలది కాబట్టి, కాలివేళ్లు కొరికించుకుని గాయపడేది అదే. లవ్‌బర్డ్‌లను ఏవియరీలోనే పక్క అరలో ఉంచినా, మధ్య వల ఒక్కటే అయితే దాన్ని పట్టుకున్న వేళ్లను అవతలి నుంచి కొరుకుతాయి. అందుకే కొంత ఎడం వదిలి రెండు వలలు బిగించాలి.

రెండవ సమాధానం: నేనూ ఏకీభవిస్తున్నాను. పైగా, ఏ కొత్త పక్షినైనా కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచి పక్షివైద్యునికి చూపించాలి. మనుషులకూ సోకే సిటకోసిస్ వ్యాధి, ఆరోగ్యంగా కనిపించే పక్షిలోనూ దాగి ఉండవచ్చు.

మూడవ సమాధానం: మూడవ జాతి కావాలంటే శాంతస్వభావం గల బర్క్స్ పారకీట్‌ అనే చిన్న చిలుకను పరిశీలించండి. ఆడ బడ్జీలు గూడు పెట్టెల కోసం తీవ్రంగా పోట్లాడతాయి కనుక, ఏవియరీలో ఆ పెట్టెలు ఉంటే ముందు తీసివేయండి.