కొరమీనుకు రక్తం తగ్గితే మేతలో ఐరన్ కలపొచ్చా?

శామీర్‌పేట రైతు:
రెండు సిమెంటు ట్యాంకుల్లో కొరమీను పెంచుతున్నాను. వారం నుంచి కొన్నింటికి పొట్ట మీద ఎర్ర మచ్చలు, మొప్పలు పాలిపోయాయి, మేత ముట్టట్లేదు. మందుల షాపులో ఇది ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా, రక్తం తగ్గింది, ఐరన్ కలపండి అన్నారు. ఉస్మానియాలో జువాలజీ చదివే మా మేనకోడలేమో వద్దు మామయ్యా, చేప ఇనుమును కావాలనే దాస్తోంది అంటోంది. ఎవరి మాట వినాలి? టెన్షన్‌గా ఉంది.

తార్నాక:
మేనకోడలి మాటే వినండి అన్నా. ఏరోమోనాస్ పెరగాలంటే ఇనుము కావాలి, దాన్ని చేప ఒంట్లోంచే లాక్కోవాలి, అందుకే సిడరోఫోర్లు అనే చిన్న పదార్థాలు వదిలి ఇనుమును పట్టుకుంటుంది, ఎర్ర రక్తకణాలనూ పగలగొడుతుంది. చేపేమో ఆ ఇనుము దొరకకుండా ఫెరిటిన్‌లో దాచేస్తుంది. ఫెరిటిన్ అంటే 24 ముక్కలు కలిసి కట్టిన బోలు డబ్బా లాంటి ప్రోటీన్, ఒక్కోదాంట్లో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. ఇన్ఫెక్షన్ తగిలినప్పుడు చాలా రకాల చేపల్లో కాలేయం, ప్లీహం, తల కిడ్నీలో (చేపకు ఎముక మజ్జలో కాదు, రక్తం ప్రధానంగా అక్కడే తయారవుతుంది) దీని జన్యువు జోరందుకుంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. బ్యాక్టీరియాను చంపడానికి రక్షణ కణాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్, విడిగా తిరిగే ఇనుముతో కలిస్తే చేప కణాలే దెబ్బతింటాయి, డబ్బాలో ఉన్న ఇనుముతో ఆ బాధ చాలా తక్కువ.

విబ్రియో ఆంగ్విలారం అనే చేపల బ్యాక్టీరియా మీద చేసిన పరీక్షల్లో, ఇనుము లాక్కునే జన్యువులున్న ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న DNA ముక్క) పోయి బలహీనపడ్డ రకం కూడా, చేపకు ఇనుము ఎక్కించాక మళ్లీ ప్రమాదకరంగా మారింది. మీరు మేతలో కలపబోయేది కూడా ఇనుమే.

కీసర:
ఒక్క మాట. మొప్పలు పాలిపోవడం పరాన్నజీవుల వల్లా అవుతుంది, కొరమీనుకు పుండ్లు అఫనోమైసెస్ అనే బూజు లాంటి జీవి వల్ల కూడా వస్తాయి, దానికి యాంటీబయాటిక్ పని చేయదు. చూపుతోనే ఏరోమోనాస్ అని తేల్చేస్తే నమ్మకండి. చచ్చినవి కాదు, నీరసంగా ఉన్న రెండు చేపల్ని ప్రాణంతోనే ల్యాబ్‌కి తీసుకెళ్లండి. ఈలోగా మేత తగ్గించి, కొంచెం కొంచెంగా నీళ్లు మార్చండి.

శామీర్‌పేట రైతు:
ఐరన్ డబ్బా ఇంకా విప్పలేదు, వాపసు ఇచ్చేస్తాను. పొద్దున్నే రెండు చేపల్ని తీసుకుని బయల్దేరతాను, మేనకోడల్ని కూడా రమ్మన్నాను.