‘నే హోగన్’ అన్నదాన్ని తెలుగులో ఎలా రాయాలి?

బోస్టన్ బామ్మ:
అందరికీ నమస్కారం. ఒక చిన్న మాట దగ్గర ఆగిపోయాను. మనవడి మొదటి పుట్టినరోజుకి రెండు వైపుల వంశవృక్షం తెలుగులో రాయించి ఫ్రేము కట్టించాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. మా కోడలు ఐరిష్ సంతతి అమ్మాయి, పుట్టి పెరిగింది ఇక్కడే, బోస్టన్ పక్కన. మా వైపు ఒక పూటలో అయిపోయింది: ఇంటిపేరు, గోత్రం, ఊరు. వాళ్ళ వైపు ఐర్లండ్ నుంచి మొదట ఓడ దిగిన ఆవిడ దగ్గర చిక్కు వచ్చింది. మనవడి నుంచి లెక్కపెడితే ఏడో తరం. వియ్యపురాలు ఇచ్చిన కాగితంలో ఆవిడ ఇంటిపేరు సలివన్ అని, పక్కన ‘నే హోగన్’ అని ఉంది, అంటే పెళ్ళికి ముందు ఇంటిపేరు హోగన్ అని. ఈ ‘నే’కి తెలుగేమిటి? ‘కన్యానామం’ అని నిఘంటువులో చూశాను. రాస్తే వియ్యపురాలు ఏమీ అనదు, చదివితే మా చెల్లెలు నవ్వుతుంది.

నరసరావుపేట మాస్టారు:
నవ్వక ఏం చేస్తుందమ్మా! కన్యానామం అంటే జాతకం చూసి పెట్టే పేరులా ఉంది. ‘నే’ ఫ్రెంచి మాట. ‘పుట్టిన’ అని అర్థం, అదీ స్త్రీలింగంలో. మన ‘పుట్టిల్లు’లో ఉన్నదీ ఆ పుట్టుకే కదా. పుట్టిన ఇల్లు పుట్టిల్లు, దాని ఔపవిభక్తిక రూపం ‘పుట్టింటి’. కాబట్టి ‘పుట్టింటిపేరు హోగన్’ అని రాసేయండి. 

ప్రూఫ్‌రీడర్:
మాస్టారూ, చిన్న పేచీ. ‘పుట్టింటిపేరు’ అంటే మా వైపు అమ్మగారింట్లో పిలిచే ముద్దుపేరు కూడా అవుతుంది. మా అత్తగారి పుట్టింటిపేరు బుజ్జి. ఇంటిపేరు అని తెలియాలంటే ‘పుట్టింటి ఇంటిపేరు’ అనాలి, అందులో ఇల్లు రెండుసార్లు వచ్చి చెవికి అడ్డం పడుతుంది.

బోస్టన్ బామ్మ:
అయ్యో, అసలు చిక్కు చెప్పనేలేదు. మాట దొరికినా దాని పక్కన ఏ పేరు పెట్టాలో తెలియడం లేదు. ఆవిడ ఇక్కడ పోయినప్పటి మరణ పత్రంలో తండ్రి ఇంటిపేరు హోగన్. చిన్నకొడుకు పెళ్ళి రిజిస్టర్లో తల్లి ఇంటిపేరు హోర్గన్. కూతురి మరణ పత్రంలో హేగన్. ఆవిడ పుట్టిన చోటు రాసిన గడుల్లో ఒకటే మాట, ఐర్లండ్. ఊరు లేదు, జిల్లా లేదు. ఇంగ్లీషులో స్పెల్లింగ్ తప్పులు మామూలేగా, ఏదో ఒకటి రాసేయమంటుంది వియ్యపురాలు.

కార్క్ నుంచి:
అమ్మా, నమస్తే. నేను ఐర్లండ్‌లో కార్క్‌లో ఉంటాను, ఉద్యోగం వేరే అయినా ఈ పేర్ల పిచ్చి పట్టుకుంది. దయచేసి ఏదో ఒకటి రాసేయకండి. ఆ మూడూ ఒకే పేరుకి మూడు స్పెల్లింగులు కావు, మూడు వేర్వేరు వంశాలు. హోగన్ ఐరిష్‌లో ‘ఓ హోగాన్’. టిపరేరీ, క్లేర్, లిమరిక్ వైపు పేరు. హోర్గన్ ‘ఓ హార్గాన్’. ఇది మా కార్క్, పక్కనున్న కెర్రీ వైపు పేరు. హేగన్ ‘ఓ హాగాన్’. అది ఎక్కడో ఉత్తరాన టిరోన్‌ది. రకారం ఒక్కటి ఉంటే దక్షిణాన కెర్రీకి, లేకపోతే టిపరేరీకి పోతారు. గుడివాడ, గుడిపాడు ఒకటే అనుకుని బస్సెక్కినట్టు ఉంటుంది.

ఆవిడ భర్త సలివన్ అన్నారు చూడండి, అది కెర్రీ, పశ్చిమ కార్క్‌లలో వీధికి పదిమందికి ఉండే పేరు. పెళ్ళిళ్ళు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళలోనే చేసుకునే రోజులవి. కాబట్టి నా ఓటు హోర్గన్‌కి. సాక్ష్యం కాదు, ఓటు మాత్రమే.

బోస్టన్ బామ్మ:
మరి చచ్చిపోయినప్పుడు హోగన్ అని ఎందుకు రాశారు బాబూ?

కార్క్ నుంచి:
రాయించింది ఎవరో చూడండి. పత్రంలో ‘సమాచారం ఇచ్చినవారు’ అని ఒక గడి ఉంటుంది.

బోస్టన్ బామ్మ:
అల్లుడు. బోస్టన్‌లోనే పుట్టినవాడట.

కార్క్ నుంచి:
అదీ సంగతి. అత్తగారి తండ్రిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు. పైగా బోస్టన్ ఇంగ్లీషులో హల్లు ముందూ, మాట చివరా రకారం పలకరు, కారుని ‘కా’ అంటారని మీకే తెలుసు. ‘హోర్గన్’ అని అల్లుడు పలికింది ఆ ఊరి గుమాస్తా చెవిలో ‘హోగన్’ అయి ఉండవచ్చు. 

నరసరావుపేట మాస్టారు:
మనవాళ్ళు అర్ధరూపాయిని అద్దరూపాయి చేసినట్టు. రకారానికి ఎక్కడా స్థిరనివాసం లేదు.

గ్రంథాలయం అమ్మాయి:
ఒక డౌట్. ఐరిష్‌లో ‘ఓ’ అంటే ఏమిటి? మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ అదేనా?

కార్క్ నుంచి:
ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ‘ఓ’ అంటే మనవడు, ఇంకా విశాలంగా సంతతివాడు. ‘మాక్’ అంటే కొడుకు. మరి ఆడపిల్ల మనవడు కాదుగా, అందుకని ఐరిష్‌లో ఆమె పేరుకి ముందుమాట మారుతుంది. ‘ఓ’ ఇంట్లో పుట్టిన పిల్ల పేరుకి ముందు ‘నీ’ వస్తుంది. ‘ఇనీన్ ఈ’ అన్న రెండు మాటలు కుదించుకుపోతే వచ్చిన రూపమది. ఇనీన్ అంటే కూతురు, ‘ఈ’ అనేది ‘ఓ’కి షష్ఠి. అంటే ‘మనవడి యొక్క కూతురు’. అదే ఇంటికి కోడలుగా వస్తే ‘బాన్ ఈ’, భార్య అని ముందు పెట్టి మళ్ళీ షష్ఠి. మాక్ పేర్లకైతే కూతురికి ‘నిక్’, కోడలికి ‘విక్’. ఒక ఆవిడ పేరు వింటే చాలు, ఈవిడ ఆ ఇంటి పిల్లా, ఆ ఇంటికి వచ్చిన కోడలా అన్నది తెలిసిపోతుంది. ఇంగ్లీషు రాతలోకి వచ్చేసరికి అందరినీ ఒకే మూసలో పోశారు. ‘నీ’ పోయింది, ‘ఈ’ పోయింది, చాలాచోట్ల ‘ఓ’ కూడా రాలిపోయింది.

ఇంకో వింత. ‘ఓ’ తరవాత అచ్చు వస్తే మధ్యలో ఒక హకారం దూరుతుంది. వంశపురుషుడి పేరు ఓగాన్, కాని ఓ హోగాన్. ఆడపిల్లకు ఆ హకారం రాదు, నీ ఓగాన్. ఆర్గాన్ వాళ్ళ పిల్ల అలాగే నీ ఆర్గాన్. కాబట్టి అమ్మా, మీరు వెతుకుతున్న ఆవిడకి వాళ్ళ అమ్మ భాషలో అసలు పేరు హకారంతో మొదలే కాదు. 

నరసరావుపేట మాస్టారు:
ఆగమం! మనకి అచ్చుల మధ్య యడాగమం వచ్చినట్టు వీళ్ళకి హకారాగమం అన్నమాట. బాబూ, ‘నీ’ తరవాత హల్లు వస్తే ఏమవుతుంది?

కార్క్ నుంచి:
మెత్తబడుతుంది మాస్టారూ. ఓ బ్రియన్ వాళ్ళ పిల్ల నీ వ్రియన్. ఓ మురఖూ, అంటే ఇంగ్లీషువాళ్ళ మర్ఫీ, వాళ్ళ పిల్ల నీ వురఖూ. బకారమూ మకారమూ రెండూ వకారంలా పలుకుతాయి.

నరసరావుపేట మాస్టారు:
ఇది మన గసడదవాదేశానికి పెదతండ్రి కొడుకులా ఉంది! అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు, అక్కడా పకారం వకారమే అయింది. రెండు భాషలకీ చుట్టరికం లేదని తెలుసు, ఎవరూ వాదనకి దిగకండి. పక్క మాటని బట్టి మొదటి అక్షరం మెత్తబడటం అన్నది రెండు చోట్లా చూస్తే ముచ్చటేసింది, అంతే. ముప్ఫై ఏళ్ళు ఈ సంధి చెప్పాను, ఇలాంటి ఉదాహరణ నాకు అప్పుడు దొరికి ఉంటే పిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదు.

ప్రూఫ్‌రీడర్:
పేర్లని అనువదించేశారని కూడా విన్నాను. నిజమా?

కార్క్ నుంచి:
నిజమే. మాక్ గవన్ అంటే కమ్మరి కొడుకు. కొందరు మెగవన్ అయ్యారు, కావన్ వైపు చాలామంది ఏకంగా స్మిత్ అయ్యారు. ‘షన్నాక్’ అంటే నక్క, ఆ పేరువాళ్ళు ఫాక్స్ అయ్యారు. మాక్ కన్రీ వాళ్ళు కొందరు కింగ్ అయిపోయారు, ‘రీ’ అంటే రాజు కాబట్టి. పుట్టింటివాళ్ళు కింగ్ అని ఒక కాగితం, కన్రాయ్ అని ఇంకో కాగితం చూపిస్తే రెండూ నిజమే కావచ్చు. ఆడవాళ్ళ సొంతపేర్లకీ తిప్పలే. గబ్నిట్ అనే పేరు మా వైపు మహా ఇష్టం, అది ఇంగ్లీషులో అబిగేల్ అవుతుంది, డెబొరా కూడా అవుతుంది. బ్రిడ్జెట్ అమెరికా వెళ్ళి డీలియా అవుతుంది. 

గ్రంథాలయం అమ్మాయి:
పేరు కలిసిందని పొరపడ్డ కథ ఒకటి చెబుతాను. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలో వలసకేంద్రం తెరిచిన రోజు మొదట దిగిన పిల్ల యానీ మూర్, కార్క్ వాసి, ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చింది. తరవాత ఆమె టెక్సస్ వెళ్ళి అక్కడ ట్రాము గుద్ది చనిపోయిందని ఏళ్ళ తరబడి అందరూ నమ్మారు. తీరా 2006లో మేగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు తవ్వి తీస్తే, ఆ టెక్సస్ యానీ మూర్ ఐర్లండే చూడలేదు, ఇలినాయ్‌లో పుట్టింది. అసలు యానీ షేయర్ అనే ఆయన్ని పెళ్ళాడి, న్యూయార్క్‌లోనే ఉండి, 1924లో పోయింది. పుట్టింటివారి పేరు పట్టుకుని వెతికినవాళ్ళకి ఆమె కనబడలేదు, మొగుడి పేరు కింద దాగి ఉంది. 

బోస్టన్ బామ్మ:
మాకు తలకిందులు. మొగుడి పేరు దొరికింది, పుట్టింటిదే దొరకడం లేదు. ఐర్లండ్‌లో రికార్డులన్నీ కాలిపోయాయని వియ్యపురాలు అంటోంది, నిజమేనా?

కార్క్ నుంచి:
సగం నిజం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో ఉన్న రికార్డుల కార్యాలయం తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు చాలావరకు అందులో పోయాయి. 1861, 1871 లెక్కల్ని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జు చేసేశారు. ఆ మంటలకు ముందు జరిగినవాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911. కాని కాథలిక్ చర్చిలు తమ రిజిస్టర్లు చాలావరకు తమ దగ్గరే పెట్టుకున్నాయి. జనన మరణాల పుస్తకాలు కూడా ఆ మంటల్లో లేవు. అవి అందరికీ మొదలైంది 1864 జనవరి 1న. ఆవిడ ఏ ఏడు వచ్చింది?

బోస్టన్ బామ్మ:
1866. చంకలో ఏడాది పిల్లాడితో.

కార్క్ నుంచి:
అయితే పిల్లాడు 1865! అమ్మా, మీ అదృష్టం పండింది. పిల్లాడి జననం రిజిస్టర్లో తల్లి పేరు రాసి, తరవాత ఒక మాట రాసి, పుట్టింటివాళ్ళ పేరు రాస్తారు. ఆ మాట ‘నే’ కాదు, ‘ఫార్మర్లీ’. పాత సమాధి రాళ్ళ మీద ‘ఏలియస్’ అని కూడా ఉంటుంది. ఫలానా సలివన్ ఏలియస్ హోర్గన్. మొదటిసారి చూసినప్పుడు ఏదో పోలీసు కేసు ముద్దాయి అనుకున్నాను. వందేళ్ళు దాటిన జనన పుటల ఫొటోలు ప్రభుత్వం ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. సలివన్ అని కొట్టి, కెర్రీ, కార్క్ రెండూ చూడండి. కింద సంతకం ఎవరిదో చూడటం మరవకండి.

ప్రూఫ్‌రీడర్:
‘ఫార్మర్లీ’ అంటే ‘పూర్వపు ఇంటిపేరు’ అనొచ్చేమో. వద్దులెండి, పాత అడ్రసులా ఉంది.

కృష్ణా జిల్లా అత్తయ్య:
పొద్దుటినుంచి చదువుతున్నాను, ఇంతమంది పండితులు ఉండి ఇంటి మాట ఒక్కరికీ తట్టలేదా? మా ఊళ్ళో కొత్తకోడల్ని చూసి ఎవరమ్మాయి అంటే ఏం చెబుతాం? ‘ఫలానా వారి ఆడపడుచు’ అంటాం. ‘ఫలానా వారి కోడలు, ఫలానా వారి ఆడపడుచు’. పెళ్ళయి ఎనభై ఏళ్ళు వచ్చినా పుట్టింటికి ఆడపడుచే. ఆ అబ్బాయి చెప్పిన ‘నీ’కీ ‘ఈ’కీ సరిగ్గా ఇదే కదా అర్థం?

కార్క్ నుంచి:
అత్తయ్యగారూ, మీకు వెయ్యి దండాలు. ‘నీ ఆర్గాన్’ అంటే ఆర్గాన్ వారి ఆడపడుచు. ‘బాన్ ఈ’ సలివన్ వారి కోడలు. నేను ఇన్నేళ్ళుగా ఇక్కడి స్నేహితులచేత ఇంగ్లీషులో చెప్పించుకుంటున్నదాన్ని మీరు ఒక ముక్కలో చెప్పారు.

నరసరావుపేట మాస్టారు:
నేను ఓడిపోయాను. పుట్టింటిపేరు వాపసు తీసుకుంటున్నాను. 

బోస్టన్ బామ్మ:
వారం అయింది, జవాబు ఆలస్యమైంది, క్షమించండి. కోడలూ నేనూ రాత్రుళ్ళు కూచుని చూశాం. కెర్రీలో సలివన్లు మా వైపు రెడ్లంతమంది ఉన్నారు బాబూ! చివరికి కిలార్నీ రిజిస్ట్రేషన్ జిల్లాలో 1865లో పిల్లాడి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు మూడూ కలిసిన పుట ఒకటి దొరికింది. ‘ఫార్మర్లీ హోర్గన్’. కింద సంతకం లేదు, ఒక ఇంటూ గుర్తు ఉంది, పక్కన ‘ఆమె గుర్తు’ అని గుమాస్తా రాత. రాయించింది తల్లే. అంటే మొగుడో అల్లుడో కాదు, ఆవిడ సొంత నోటితో చెప్పిన పేరు. అది చూసి మా కోడలు కాసేపు మాట్లాడలేదు.

కాని తొందరపడలేదు. అదే జిల్లాలో అవే పేర్లున్న ఇంకో సలివన్, హోర్గన్ జంట 1868లో కనబడింది. వీళ్ళు అప్పటికి బోస్టన్‌లో ఉన్నారు కాబట్టి ఆ జంట వేరు, లేదా 1865 పుట కూడా వాళ్ళదే. ఆ అనుమానంతో చర్చి బాప్తిస్మం పుస్తకం చూశాం, అది లాటిన్‌లో ఉంది. సాక్షి తల్లిగా నిలబడ్డ ఆవిడ ఇంటిపేరూ హోర్గనే. ఆ పేరుగల మనిషే రెండేళ్ళ తరవాత బోస్టన్‌లో రెండో పిల్ల బాప్తిస్మానికీ నిలబడింది. చెల్లెలో, అక్కో. అక్కడికి నా అనుమానం తీరింది.

అత్తయ్యగారి మాట ప్రకారం ‘సలివన్ వారి కోడలు, హోర్గన్ వారి ఆడపడుచు’ అని రాసి ఫ్రేము కట్టే ఆయనకి పంపాం. ఊరి దగ్గర కిలార్నీ ప్రాంతం అని పెట్టాం. టౌన్‌ల్యాండ్, అంటే అక్కడి పల్లె లాంటి చిన్న భూభాగం, దాని పేరు ఆ పుటలో ఉంది గాని గుమాస్తా రాత కోడి గీకినట్టుంది. కార్క్ బాబూ, ఫొటో పంపుతాను, చూసి చెప్పు.

బోస్టన్ బామ్మ:
ఇప్పుడే నమూనా వచ్చింది. అతని కంప్యూటర్‌లో ఫాంటు ఏదో తేడా చేసింది. ‘హోగన్ వారి ఆడపడుచు’ అని పడింది. రకారం మళ్ళీ పోయింది!

నరసరావుపేట మాస్టారు:
వలపలగిలక పెట్టి రాయించండమ్మా, పాతకాలంలో లాగా. గకారం పక్కనే నిలబెడితే ఎక్కడికి పోతుందో చూద్దాం.