చీలమండ బెణికిన కాలు బ్యాలెన్స్ బోర్డు మీద 10 సెకన్లు దాటడం లేదు

తొమ్మిది వారాల కిందట మెట్టు తప్పి కుడి చీలమండ లోపలికి మడతపడింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, బయటివైపు లిగమెంటు సాగిందన్నారు. వాపు, నొప్పి పూర్తిగా పోయాయి. ఐదో వారం నుంచి ఫిజియోథెరపిస్టు సలహాతో బ్యాలెన్స్ బోర్డు వాడుతున్నాను. గుండ్రటిది, కింద అర్ధగోళం ఉండి అన్ని వైపులకీ ఊగే రకం.

రెండు కాళ్ల మీద 2 నిమిషాలు హాయిగా నిలబడగలను. ఎడమకాలి మీద 35 సెకన్లు. కుడికాలి మీద మాత్రం మూడు వారాలుగా 10 సెకన్ల దగ్గరే ఆగిపోయాను. ప్రతిసారీ పాదం బయటి అంచు మీదకే ఒరిగిపోతుంది, అదీ మొదట బెణికిన వైపే కాబట్టి భయమేస్తోంది. వేళ్లు బోర్డును గట్టిగా పట్టేస్తున్నాయి.

రోజుకు 5 సార్లు చొప్పున, వారానికి 5 రోజులు చేస్తున్నాను. వట్టికాళ్లతో చేశాను, బూట్లతో చేశాను, మోకాలు కొద్దిగా వంచి ఎదురుగా ఒక చుక్కనే చూస్తూ చేశాను. గోడకు ఒక్క వేలు ఆనించితే 40 సెకన్లు నిలుస్తున్నాను, తీయగానే మళ్లీ మొదటికే. ముందుకీ వెనక్కీ మాత్రమే ఊగే బోర్డు మీదైతే కుడికాలితోనే 30 సెకన్లు ఉండగలుగుతున్నాను.

ఈ దశ దాటినవాళ్లు చెప్పండి: గుండ్రటి బోర్డు మీదే కొనసాగాలా, కొన్నాళ్లు దాన్ని పక్కనపెట్టి పక్కలకు మాత్రమే ఊగే బోర్డు మీద సాధన చేయాలా?