రొయ్యలు: నీరు ఇగరబెట్టాలా, అక్కర్లేదా?

బరంపురం_వంటిల్లు:
రొయ్యలు కడిగి, ఉప్పూ పసుపూ వేసి, ఊరిన నీరంతా ఇగిరాకే కూరలో వేయడం ఒడిశాలోని మన గంజాం తెలుగిళ్ళలో అలవాటు. ముక్క గట్టిపడుతోంది. అరకిలో వనామీకి (చెరువుల్లో పెంచే రొయ్య) అసలిది అవసరమా?

గోపాలపురం_గట్టు:
అక్కర్లేదండీ. రొయ్య ఉడకడానికి మూడు నిమిషాలు చాలు. అరకిలో నుంచి నీరు ఇగరడానికి పది నిమిషాలు, మళ్ళీ ఇగురులో పది. అంతసేపు మంట తింటే కండ బిగుసుకుని రబ్బరులా సాగుతుంది. ముందు ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టమాటా, కారం నూనె తేలేదాకా వేయించి ఇగురు పూర్తిచేయండి. రొయ్యలు చివర్లో వేయండి. అద్దంలా ఉన్న కండ పాలలా తెల్లబడగానే దించాలి. ఒంపు కొడవలిలా ఉంటే సరిగ్గా ఉడికినట్టు. తోక వచ్చి మెడని తాకి ఉంగరంలా చుట్టుకుంటే సమయం దాటిపోయినట్టే.

పర్లాకిమిడి_అత్త:
మరి నీచు ఎలా పోతుంది బాబూ? నీరు ఇగిరితేనే నీచు పోయేది.

గోపాలపురం_గట్టు:
నీచు ఆ నీరు ఇగిరినంత మాత్రాన పోదు అత్తా, రొయ్య పాతబడేకొద్దీ పుడుతుంది, పేగూ తలా ఉంచేస్తే ఇంకా పెరుగుతుంది. వీపు మీద అందరూ నల్ల నరం అనేది పేగే. తల నుంచి రెండో గణుపు సందులో సన్నపుల్ల గుచ్చి పైకి ఎత్తితే తెగకుండా వస్తుంది. పొట్టవైపు కనిపించే సన్నదారం అసలు నరం, దాన్ని తీయక్కర్లేదు. తలలో జీర్ణరసాల గ్రంథి ఉంటుంది. రొయ్య చచ్చాక ఆ రసాలు కండలోకి దిగి మెడ దగ్గర మెత్తబరుస్తాయి. అందుకే ఇంటికి తేగానే తలలు తీసేయాలి. కడిగేటప్పుడు నిమ్మరసమో చింతపండు పులుసో పట్టిస్తే మిగిలిన వాసనా తగ్గుతుంది.

రాయగడ_రుచి:
తాజావైతే తలలు పారేయకండి. నూనెలో వేయించి, దంచి, వడగట్టి చారులో పోయండి.

పర్లాకిమిడి_అత్త:
పేగు తీసినా నీచు పోవడం లేదు. అరకిలో వేస్తే గిన్నెలో గ్లాసు నీరు తేలుతోంది. ఆ నీరంతా కూరలో కలిపేయమంటారా?

గోపాలపురం_గట్టు:
అరకిలోకి గ్లాసు నీరా! అది రొయ్యలో ఊరిన నీరొక్కటే కాదు, చాలావరకు పెట్టెలో కరిగిన ఐసు నీరు. అందులో మునిగి ఉన్న రొయ్య నీరు పీల్చి చప్పబడుతుంది. తలతో కొన్నారా, ఒలిచినవా?

పర్లాకిమిడి_అత్త:
ఒలిచినవే. తలతో కిలో కొంటే సగం చెత్తలోకే పోతుంది.

రంభ_వల:
సగం కాదు. వనామీలో తల మూడోవంతు.

గోపాలపురం_గట్టు:
తల మూడోవంతు, పొట్టూ తోకా కూడా తీస్తే అరకిలో చిల్లర మిగులుతుంది. తలతో కిలో 400 అనుకోండి, కండ కిలో దాదాపు 800 పడుతుంది. ఒలిచినవి 600కే ఇస్తున్నారంటే మిగతా బరువు చాలావరకు నీళ్ళదే అయి ఉంటుంది. బరువు పెరగడానికి మందు కలిపిన నీళ్ళలో నానబెట్టినవైతే చేతికి సబ్బులా జారుతాయి కూడా.

రంభ_వల:
టైగర్ రొయ్యకి తల ఇంకా పెద్దది. మంచినీటి నీలకంఠ రొయ్యకైతే తలే సగం. ఏ రొయ్యో చెప్పకుండా లెక్క కట్టొద్దు.

పర్లాకిమిడి_అత్త:
లెక్కలు బాగానే ఉన్నాయి. మీరు పొద్దున్నే పడవ దగ్గర కొంటారు, మాకు సముద్రం పక్కన లేదు. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి ఆరుగురికి వండే ఆడమనిషి కిలో రొయ్యలు ఒలుస్తూ కూర్చోవాలా? మగవాళ్ళు తాజావి తెచ్చామని సంచి పడేసి వెళ్ళిపోతారు. ఒలిచేదెవరో ఇందాకటి నుంచి ఒక్కరైనా అన్నారా?

బరంపురం_వంటిల్లు:
అత్త అడిగింది న్యాయం. చేతికి గుచ్చుకునే పని అది, కూరకంటే ఎక్కువ సేపు పడుతుంది.

గోపాలపురం_గట్టు:
కోపం వద్దు అత్తా, ఆ మాట నేను ఆలోచించలేదు. తెచ్చినవాడే ఒలవాలి. 50 కౌంట్ అంటే కిలోకి యాభై రొయ్యలు, ఇద్దరు కూర్చుంటే పావుగంట.

ఒలిచినవే కొనాల్సి వస్తే ఇలా చేయండి. చిల్లుల గిన్నెలో అరగంట ఉంచి నీరు దిగనిచ్చి, పొడిబట్టతో అద్దండి. వెడల్పు మూకుడులో పెద్దమంట మీద, ఉప్పు వేయకుండా పసుపుతో రెండే నిమిషాలు తిప్పి రొయ్యలు పక్కకి తీసేయండి. మూకుడులో మిగిలిన నీరొక్కటే రెండు చెంచాలయ్యేదాకా ఇగరబెట్టి ఇగురులో పోసి, పక్కన పెట్టిన రొయ్యలు చివర్లో కలపండి. కూర పల్చబడదు, ముక్క బిగుసుకోదు.

పర్లాకిమిడి_అత్త:
ఇది చేయొచ్చు. గోంగూరలో మాత్రం ఇగరబెట్టే వేస్తాను, ముక్క గట్టిగా ఉంటేనే ఆకులో తెలుస్తుంది.

గోపాలపురం_గట్టు:
గోంగూరకైనా అదే తప్పు అత్తా.

రంభ_వల:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రం రొయ్య అంటే చాలావరకు ఐసులో దాచినదో చెరువుదో అయి ఉంటుంది. తల ఒంటికి బిగిసి ఉందో లేదో చూడండి. తల దగ్గర నల్లమచ్చలుంటే పట్టి చాలాసేపైనట్టు. ఘాటు వాసన ముక్కుకి తగిలితే మాత్రం కొనకండి.

బరంపురం_వంటిల్లు:
చిలికా సరస్సు సన్నరొయ్యలకీ ఈ రెండు నిమిషాల పద్ధతేనా?

రంభ_వల:
వాటికి నిమిషం చాలు. ఒడియావాళ్ళలా ఆవాల ముద్దతో చింగుడి బెసర అనే రొయ్యల కూర చేస్తే ముద్దని ఎక్కువసేపు ఉడకనివ్వకండి, చేదెక్కుతుంది.