మొదటి లేసు స్టోల్‌కి అక్రిలిక్ చాలా, అసలు ఊలే కావాలా?

మల్లెపందిరి (హైదరాబాద్):
రెండు సూదుల అల్లికలో మూలకుట్లైన నిట్, పర్ల్ రెండూ నాకు బాగానే వచ్చు. మఫ్లర్లు, చంటిపిల్లల టోపీలు అల్లుతుంటాను. కన్నాలు కన్నాలుగా అల్లే లేసు మాత్రం ఇదే మొదలు. మా వదిన చికాగోలో ఉంటుంది, చలికాలంలోపు తనకి ఒక స్టోల్ అల్లి పంపాలని ఉంది. అలలు అలలుగా వచ్చే ఫెదర్ అండ్ ఫ్యాన్ డిజైన్ అనుకున్నాను. కోఠీలో తిరిగితే నాకు కనబడినవన్నీ అక్రిలిక్ ఉండలే. అసలు ఊలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, ధర చూస్తే గుండె గుభేలుమంది. తెలిసినవాళ్ళని అడిగితే ఒకరేమో "అక్రిలిక్‌తో లేసు అల్లకపోవడమే మేలు" అన్నారు, ఇంకొకరు "మొదటిసారికి అదే ఎక్కువ" అన్నారు. ఎవరి మాట వినమంటారు?

రెండుసూదులు (విశాఖ):
అక్రిలిక్‌తోనే మొదలుపెట్టండి. మొదటి లేసు అంటే సగం అల్లడం, సగం విప్పడం. ఖరీదైన ఊలు చేతిలో ఉంటే తప్పు కనబడినా విప్పడానికి మనసొప్పదు, అలాగే ముందుకు పోతాం. మామూలు అక్రిలిక్ ఎన్నిసార్లు విప్పినా తట్టుకుంటుంది. నూగు ఉన్న రకం మాత్రం వద్దు, చిక్కుపడితే విప్పలేరు. లేత రంగు, నున్నటి దారం తీసుకోండి.

మీరు ఎంచుకున్న డిజైన్ కూడా తేలికే. 18 కుట్లకొక పువ్వు, 4 వరసలకొకసారి తిరిగి మొదలు. ఆ నాలుగింటిలో కన్నాలు పడేది ఒక్క మూడో వరసలోనే: రెండేసి కుట్లు కలిపి అల్లడం 3 సార్లు, దారం చుట్టి ఒక నిట్ 6 సార్లు, మళ్ళీ రెండేసి కలిపి 3 సార్లు. 6 కుట్లు పోతాయి, 6 వస్తాయి, లెక్క మళ్ళీ 18కే వస్తుంది. ప్రతి 18 కుట్లకి సూది మీద ఒక మార్కర్ (గుర్తు కోసం వేసే చిన్న రింగు) పెట్టుకుంటే ఏ పువ్వులో తేడా వచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మంచుకురిసేచోట (ఎడిన్‌బరా):
డిజైన్ సంగతి ఒప్పుకుంటాను, దారం సంగతి ఒప్పుకోను. లేసు సూదుల మీద ఉన్నప్పుడు ఎవరిదైనా ముడతలు పడ్డ గుడ్డలాగే ఉంటుంది. అది లేసు అయ్యేది తడిపి, లాగి, పిన్నులు పెట్టి ఆరబెట్టినప్పుడే. దాన్నే బ్లాకింగ్ అంటారు. ఊలు పోగు మన జుట్టులాంటి ప్రోటీనే. తడిజుట్టుకి రోలర్లు చుట్టి ఆరనిస్తే వంకీలు నిలిచినట్టు, తడి ఊలుని ఎలా లాగి ఆరబెడితే అలా నిలుస్తుంది. అక్రిలిక్ ప్లాస్టిక్, నీళ్ళు పీల్చుకోదు. మీరు పిన్నులు పెట్టినంతసేపే బాగుంటుంది, తీయగానే ముడుచుకుపోతుంది.

ఇక్కడికి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో, ముఖ్యంగా అన్‌స్ట్ అనే దీవిలో, పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నని శాలువాలు అల్లేవాళ్ళు. ఉతికిన శాలువాని చెక్క ఫ్రేముకి అంచు పొడుగునా దారంతో కట్టి, బిగించి ఆరబెట్టేవారు. ఆ పని లేకపోతే అంత సన్నని అల్లికకి విలువే ఉండేది కాదు.

కొత్తవాళ్ళు అక్రిలిక్‌తో నెలల తరబడి అల్లి, చివరికి ముద్దలా వచ్చిందని సూదులు మూలన పడేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళ చేతుల్లో లోపమేమీ ఉండదు.

రెండుసూదులు (విశాఖ):
నీళ్ళతో నిలవదన్నది నిజమే. ఆవిరితో నిలుస్తుందన్నది కూడా నిజమే, అది ఎవరూ చెప్పరు. అక్రిలిక్‌ని కావలసిన కొలతకి పిన్నులతో పరిచి, స్టీమ్ ఐరన్‌ని రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో తాకకుండా పట్టుకుని ఆవిరి పట్టించండి. పోగు మెత్తబడి, చల్లారాక అదే ఆకారంలో ఉండిపోతుంది. సాగే గుణం పోయి, జారుడుగా వేలాడుతుంది. స్వెట్టర్‌కైతే అది నష్టం, స్టోల్‌కి అదే కావాలి.

పైగా ఇది బహుమతి. ఊలు లేసు అయితే ఉతికిన ప్రతిసారీ ఆ వదినగారే మళ్ళీ పిన్నులు పెట్టుకోవాలి. పొరపాటున వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళలో పడిందా, మామూలు ఊలు గట్టిపడి చిన్నదైపోతుంది. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్ళకి ఇంత జాగ్రత్త కుదురుతుందా?

మంచుకురిసేచోట (ఎడిన్‌బరా):
బహుమతి గురించి మీరన్నది ఆలోచించాల్సిన మాటే. కానీ ఆవిరి దెబ్బ వెనక్కి తీసుకోలేం. ఐరన్ తాకితే దారం కరిగి మెరుస్తుంది, వంకరగా పిన్నులు పెట్టి ఆవిరి పట్టిస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. ఊలైతే నచ్చకపోతే మళ్ళీ తడిపి సరిచేసుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి రెండో అవకాశం ఇచ్చే దారం ఏది?

గోదారిగట్టు (నరసాపురం):
మీరిద్దరూ నూలుని మరిచిపోయారు. మా ఊరి లేసంతా నూలుదారమే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, ఇంటింటి ఆడవాళ్ళ చేతుల్లో ఇన్నాళ్ళూ నిలబడింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మా, పిన్నీ అల్లిన టేబుల్ గుడ్డలు గంజి పెట్టి, పిన్నులు గుచ్చి ఆరబెడితే ఇప్పటికీ పువ్వు పువ్వుగా నిలబడతాయి. నూలు చవక, ఊళ్ళోనే దొరుకుతుంది, మన ఎండలకి చేతికి చెమట పట్టినా హాయిగా ఉంటుంది.

మంచుకురిసేచోట (ఎడిన్‌బరా):
మీ ఊరి పనితనం మీద నాకు చాలా గౌరవమండి. కానీ అది కొక్కెం సూది పని. క్రోషేలో ఒక కుట్టు పూర్తయితే అక్కడికది ముడిపడిపోతుంది, పనిలో ఉన్న కుట్టొక్కటే తెరిచి ఉంటుంది. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం తెరిచే ఉంటుంది, ఒకటి జారితే కిందిదాకా ఊడుతుంది. నూలు సాగదు కాబట్టి రెండు కుట్లు కలిపి అల్లేటప్పుడు వేళ్ళు నొప్పెడతాయి, వదులు బిగువులు కొట్టొచ్చినట్టు కనబడతాయి. టేబుల్ గుడ్డకి గంజి పెట్టొచ్చు, మెడకి చుట్టుకునే స్టోల్‌కి పెట్టలేం కదా.

గోదారిగట్టు (నరసాపురం):
గంజి మాట ఒప్పుకుంటున్నాను. చికాగో చలికి నూలు ఆగదు కూడా. వేసవి స్టోల్ అయితే మాత్రం నా మాట నాదే.

కుట్టులెక్క (బెంగళూరు):
దారం గురించి ఇంత వాదన జరుగుతోంది గానీ, ఏ దారంతోనైనా లేసుని పాడుచేసేవి ఇంకో రెండున్నాయి. ఒకటి సూది సైజు. దారం చీటీ మీద 8 నంబరు సూది (4 మి.మీ.) అని ఉంటే మీరు 6 నంబరు (5 మి.మీ.) తీసుకోండి. మన కొట్లలో అమ్మే పాత నంబర్లలో అంకె తగ్గేకొద్దీ సూది లావవుతుంది, తికమకపడొద్దు. రెండోది చివరి అంచు. మామూలుగా ముగించినట్టు బిగించి ముగిస్తే మధ్యలో ఎంత లాగినా అంచు తాడులా పట్టేస్తుంది, పువ్వులు విచ్చుకోవు. ముగింపు వరసకి ఇంకా లావు సూది వాడండి. మొదటి కుట్లు వేసేటప్పుడూ అంతే.

లైఫ్‌లైన్ కూడా వేసుకోండి. నాలుగో వరస అయ్యాక వేరే రంగు సన్నని నూలుదారం సూదికెక్కించి, సూది మీదున్న కుట్లన్నిటిలోంచీ లాగి వదిలేయండి, మార్కర్లలోంచి మాత్రం పోనివ్వకండి. తర్వాత ఏ తప్పు జరిగినా ఆ దారం దాకా విప్పితే కుట్లు అక్కడే ఆగుతాయి. అప్పుడు ఊలైనా అక్రిలిక్కైనా టెన్షన్ ఉండదు.

మల్లెపందిరి (హైదరాబాద్):
అందరికీ చాలా థాంక్సండి. ఇంట్లో మిగిలిన అక్రిలిక్‌తో 42 కుట్ల మీద నమూనా అల్లాను, రెండు పువ్వులు, అంచుకి మూడేసి కుట్లు. విశాఖ వారు చెప్పినట్టు సగానికి ఆవిరి పట్టించి, సగం అలాగే వదిలేశాను. పట్టించిన సగంలో కన్నాలు విప్పారి అలలు తెలుస్తున్నాయి. మిగతా సగం దగ్గరికి లాక్కుపోయి ఉంది. తేడా ఇంత ఉంటుందనుకోలేదు. వదినకి ఫోన్ చేస్తే "నేను చేత్తో ఉతికేదాన్ని కాదమ్మా" అని ముందే చెప్పేసింది. కాబట్టి ఆమెది అక్రిలిక్‌తోనే, 80 కుట్ల మీద, అంచుకి నాలుగేసి. నా కోసం ఒక చిన్న స్కార్ఫ్‌కి సరిపడా ఊలు తెప్పించుకుంటున్నాను.

మంచుకురిసేచోట (ఎడిన్‌బరా):
ఆమెకి అక్రిలిక్ సరే, ఆ ఉతుకు మాట విన్నాక నేనేం అనలేను. మొదటి లేసుకి ఊలే మేలని మాత్రం ఇప్పటికీ అంటాను. మీ ఊలు వచ్చాక గోరువెచ్చని నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టండి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమండి. తర్వాత పరుపు మీద దుప్పటి పరిచి, ముందు నాలుగు మూలలు, తర్వాత ఒక్కో అల కొసకి ఒక్కో పిన్ను. పూర్తిగా ఆరేదాకా తీయొద్దు.

రెండుసూదులు (విశాఖ):
పిన్నులు తుప్పు పట్టనివి చూసి కొనండి. తడి ఊలు మీద తుప్పు మరక పడితే పోదు.