సింగపూర్‌లో కంపెనీ: నామినీ డైరెక్టర్ విషయంలో సలహా కావాలి

అందరికీ నమస్కారం. విజయవాడలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, గోడౌన్లలో సరుకు లెక్క చూసే ప్రోగ్రాం చేస్తాం. సింగపూర్‌లోని మా కస్టమర్లు అక్కడి కంపెనీ పేరు మీదే బిల్లు కావాలంటున్నారు. అందుకే అక్కడ ప్రైవేట్ లిమిటెడ్ పెడదామనుకుంటున్నాం.

పెట్టుబడి 1 సింగపూర్ డాలర్ ఉన్నా చాలు, ప్రభుత్వ ఫీజు 315 డాలర్లు. బయటి దేశం వాళ్లం కాబట్టి అక్కడి రిజిస్టర్డ్ ఏజెంటు ద్వారానే దరఖాస్తు పెట్టాలి. 6 నెలల్లోపు కంపెనీ సెక్రటరీని నియమించుకోవాలి. ఇంతవరకు ఇబ్బంది లేదు.

టెన్షన్ అంతా డైరెక్టర్ దగ్గరే. కనీసం ఒక డైరెక్టర్ సింగపూర్‌లో ఉండేవాళ్లై ఉండాలి. మాకు అక్కడ అంత దగ్గరివాళ్లెవరూ లేరు. ఒక ఏజెంటు పంపిన ఒప్పందంలో, వాళ్లిచ్చే నామినీ డైరెక్టర్ (మా కోసం పేరుకు డైరెక్టర్‌గా ఉండే అక్కడి మనిషి) కారణం చెప్పకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చని, మేం కట్టిన డిపాజిట్ మాత్రం వెనక్కి రాదని రాసుంది. నాకైతే ఇది అన్యాయంగా అనిపిస్తోంది. ఇలాంటి షరతు అందరూ పెడతారా, బేరమాడితే తీసేస్తారా? బ్యాంకు ఖాతా మీద సంతకం పెట్టే అధికారం పూర్తిగా మా దగ్గరే ఉంచుకోవచ్చా? ఖాతా తెరవడానికి మీరు స్వయంగా వెళ్లాల్సి వచ్చిందా?

ఇక్కడి నుంచి పెట్టుబడి పంపేటప్పుడు బ్యాంకు ద్వారా రిజర్వు బ్యాంకుకు ఫారం ఎఫ్‌సీ (విదేశంలో పెట్టే పెట్టుబడి వివరాల ఫారం) ఇవ్వాలి. ఆ పని బాగా తెలిసిన సీఏ విజయవాడ, గుంటూరు వైపు ఉంటే దయచేసి చెప్పండి.